కొల్లేట్లో వినపడ్డ పిలుపు

శేషారత్నంగారని డాక్టరమ్మ ఉండేదిలే, కొల్లేటి గట్టున చిన్న ఆసుపత్రి ఆమెది. మన లంకలో ఎవరికి జొరమొచ్చినా తాటిదోనె ఎక్కి వచ్చేసేది. పొద్దున్నే మంచులో దోనె కనపడేది కాదంట, ఆమె మాట మాత్రం ముందే వచ్చేది, నీళ్ళ మీద జారుకుంటా. అంత మెత్తటి గొంతనుకో. ఆ గొంతు విని పట్నంలో రేడియోవాళ్ళు వారానికోసారి ఆరోగ్యం గురించి చెప్పమన్నారంట. ఆమె వెళ్ళి, వాళ్ళిచ్చిన కాయితం చూసి చదివేది. "అతిసారము సోకిన శిశువునకు ద్రవపదార్థములు" అంటా ఏదో. మనవాళ్ళు వలలు పక్కనబెట్టి, కళ్ళు మూసుకుని పాట విన్నట్టు వినేవారంట. ఆ రోజుల్లోనే వెంకమ్మ కొడుక్కి విరేచనాలు పట్టుకున్నాయి. నీళ్ళు తాపితే ఇంకా పోతాయని ఆపేశారు, పిల్లోడు దక్కలేదు. డాక్టరమ్మ దోనెలో వచ్చి, "రేడియోలో చెప్పానుగా వెంకమ్మా, వినలేదా?" అందంట. "విన్నానమ్మా, ఎంత బాగా చెప్పావో! ఏం చెప్పావో తెలవలా" అంది వెంకమ్మ. ఇంక డాక్టరమ్మ దోనెలో గట్టు చేరిందాకా ఆ మాటే తలుచుకుంటా పోయిందంట.

మరుసటేడు ఏమైందంటే, వరదొచ్చి కొల్లేరు పొంగింది. ఊరంతా బడి అరుగు మీదకి చేరాం, చుట్టూ నీళ్ళే, ఆకాశమేదో నీళ్ళేవో తెలవకుండా. మా మేనత్త నాంచారమ్మ కూతురికి, రెండేళ్ళ పిల్లకి, వాంతులూ విరేచనాలూ. కళ్ళు లోతుకి పోయినయ్యి. డాక్టరమ్మేమో రేడియో కోసం పట్నం పోయి ఉంది. అక్కడ ఆఖరి బస్సు దిగిన చేపల షావుకారొకడు ఈ సంగతి ఆమె చెవినేశాడంట. వెనక్కొద్దామంటే దార్లన్నీ తెగిపోయినయ్యి. సాయంత్రం ఆరింటికి మైకు ముందు కూర్చుంది, కాయితం పక్కన పడేసింది.

ఇక్కడ అరుగు మీద రేడియో పెట్టుకుని కూర్చున్నాం కదా, ఉన్నట్టుండి, "నాంచారమ్మా, నేనే, శేషారత్నాన్ని. పిల్లకి నీళ్ళాపకు" అని వినపడింది. మా అత్త ఒళ్ళు జల్లుమందంట. నీళ్ళలోంచి పిలిచినట్టే ఉందనుకో! "సీతమ్మత్తా, నువ్వూ విను. చిల్లిపడ్డ కుండలో నీళ్ళు అయిపోకుండా పోస్తానే ఉండాలా, వద్దా? కాచి చల్లార్చిన నీళ్ళు లీటరు తీసుకోండి, తలగొట్టి కొలిచిన చిన్న చెంచాలు ఆరు పంచదార, అరచెంచా ఉప్పు. చెంచా చెంచా పట్టండి. కక్కితే పది నిమిషాలాగి మళ్ళీ పట్టండి. చనుబాలు మానకండి." సీతమ్మంటే మా అత్తకి అత్తగారు, పిల్లకి నీళ్ళు పట్టనీకుండా బిందె ఒళ్ళో పెట్టుకు కూర్చుంది. రేడియో వంక చూసి, "నువ్విక్కడ లేవుగా, ఏదన్నా అయితే ఎవరు దిక్కు?" అంది. డాక్టరమ్మ అక్కడెక్కడో ఉండి, "నేను మీ పక్కనే ఉన్నాననుకో అత్తా" అంది! విన్నట్టే అంది, ఒట్టు. ముసల్ది బిందె వదిలేసింది. చెంచా చెంచా పట్టారు. తెల్లారి పిల్ల ఉచ్చ పోసింది. ఉచ్చ చూసి ఆనందంతో ఏడ్చిన మనుషుల్ని ఎక్కడన్నా చూశారా మీరు? నేను చూశా.

రేడియో ఆఫీసరు కోప్పడ్డాడంట, కాయితంలో ఉన్నది చదవలేదని. "కాయితంలో ఉన్నది చదివితే ఒక పిల్లాడు పోయాడండీ" అందంట ఆమె. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళు చెప్పింది, మనం మాట్లాడుకునే మాటల్లోనే. ఆ వరదప్పుడు ఏమైందంటే, ఏయే ఊళ్ళల్లోనో ఉన్న నాంచారమ్మలందరూ తమనే పిలిచిందనుకుని, పిల్లలకి నీళ్ళు కలిపి పట్టి, ఉత్తరాలు రాయించారంట. నలభైమందో ఎంతమందో. డాక్టరమ్మ ఆ ఉత్తరాలు తెచ్చి చదివి వినిపిస్తే, మా మేనత్తకి మాత్రం నచ్చలేదనుకో. "నన్ను పిలిస్తే పలకటానికి వీళ్ళెవరే?" అని మూతి ముడుచుకుంది. పోయిందాకా ఆ అలక తీరలేదు మహాతల్లికి.