రవిక లోపలి వైపు

జనగామ. సాయంత్రం తెరవబోయే ప్రదర్శనశాల. అద్దాల పెట్టెలో ఒక లంబాడి రవిక, లోపలి వైపు బయటికి తిప్పి ఉంది. దాని ముందు, ప్రదర్శనను రూపొందించిన సింధూజ. ఆమెతో మానుకోట కాలేజీలో చదివిన ద్వాళి.

“తిప్పి పెట్టినవేంది, సింధూ?”

“కావాలనే తిప్పిన.”

“అద్దాలు, గవ్వలు లోపలికి పోయినయి గద.”

“అద్దాలు అందరు చూపిస్తరు, ద్వాళీ. మెరిసేదే కళ అన్నట్టు. ఇప్పుడు చూపెట్టే పద్ధతి మారింది. ముడులు, అతుకులు, చెయ్యి తడబడ్డ కుట్టు... మనిషి దొరికేది గక్కడ.”

“మనిషి దొరికేది.”

“నవ్వకు.”

“నవ్వుతలేను. దీపం గా నీలం గుడ్డ ముక్క మీదనే ఎందుకు పడ్డది?”

“ఈ గదంతా దాని చుట్టే కట్టిన. వచ్చినోళ్లు అన్నీ చూసుకుంట వచ్చి ఇక్కడ ఆగుతరు.”

“ఆగి?”

“పక్కన పలక చదువుతరు.”

“చదివిన. ‘అడవికి పోయి తిరిగిరాని కొడుకు అంగీ ముక్క. తల్లి అస్తరులో దాచి కుట్టుకుంది.’ మంచిగ రాసినవ్.”

“పేరు రాయలే. మీ ఊరు గూడ రాయలే.”

“ఆ కుట్టు చూస్తే మా తండాల చిన్న పోరి గూడ పేరు చెప్తది. ఇక్కడైనంక ఈ ప్రదర్శన భూపాలపల్లికి పోతదంటివి గద, అక్కడ గూడ చెప్తరు.”

“జర విను...”

“నువ్వు విను. మా హీర్యన్న కోసం పోలీసోళ్లు వచ్చినప్పుడల్లా మా తల్లి, నువ్వు గూడ యాడి అని పిలిచిన తల్లి, ఏమన్నది?”

“తెలుసు.”

“చెప్పు.”

“‘నాకు కొడుకు లేడు’ అన్నది.”

“దవాఖానకు పిలిచి శవాన్ని చూపిస్తే గూడ గదే మాట. రాతిగుండెది అన్నరు ఆడోళ్లు. ఆ మాటలు పడ్డది. ఈ రవిక తొడుక్కొని పడ్డది. హాస్టల్ల నీ ఒడిల తల పెట్టి చెప్పిన నీకు. చూపియ్యమని చెప్పిన్నా?”

“ఆమెను గట్ల అన్నోళ్లకు నిజం తెలువాలె అనుకున్న.”

“ఎవల నిజం?”

సింధూజ పలకను సరిచేసింది.

“అద్దాల పని చూపిస్త అని రవిక అడిగినవ్. యాడి నా మాట మీద ఇచ్చింది. అడిగిన నాటికే తిప్పాలనుకున్నవా?”

“అనుకున్న.”

“మరి చెప్పలే.”

“చెప్తే ఇయ్యవని.”

సింధూజ పెట్టె తాళం తీసింది.

“తిప్పుత. పలక గూడ పీకేస్త. యాడి వచ్చేలోపు...”

“ఉండనియ్.”

“ఏంది?”

“యాడి నాకంటె ముందే లోపలికొచ్చింది. నువ్వు నిచ్చెన మీద దీపాలు చూస్కుంటున్నవ్. చదువు రాదు గని, ముక్కను గుర్తుపట్టింది. బయట మెట్ల మీద కూసున్నది.”

“నన్నేమన్నది?”

“నీ పేరు గూడ ఎత్తలే, సింధూ. నా దిక్కే చూసింది. ‘నీ ఒక్కదానికే చెప్పిన గద, బిడ్డా’ అన్నది.”