ముగింపు లేని పాట

లీమా నగరంలో కంప్యూటర్లు బాగుచేసే ఇరుకు కొట్టు. నల్లబట్టల్లో ఉన్న ఒక తల్లి పెన్‌డ్రైవ్ తెచ్చి బల్లమీద పెట్టింది.

"బాబూ, ఇది మా అబ్బాయి విల్మర్ కట్టిన పాట. వాడి శవం ముందు నడిచే ఆటో స్పీకర్లో పలకట్లేదు. అందరూ వీధిలో నిలబడి ఉన్నారయ్యా!"

కొట్టు కుర్రాడు దాన్ని కంప్యూటర్‌కి తగిలించి చూశాడు. "ఇది వీడియో గేమ్ కోసం కట్టిన పాట ఫైలమ్మా. ఆ స్పీకర్‌కి అర్థం కాదు."

"అర్థం కాకపోవడమేంటి? వాడి కంప్యూటర్లో పొద్దస్తమానం మోగేదే! దీన్ని నమ్ముకుని బ్యాండువాళ్ళని కూడా వద్దన్నాను. నీకు దణ్ణం పెడతా, ఏదో ఒకటి చెయ్యి."

"ఏడవకండమ్మా, ఎంపీత్రీ చేసిస్తా. కానీ గేమ్ పాటకి ముగింపుండదు. ఆడేవాడు ఆపేదాకా మళ్ళీ మొదటికొస్తూనే ఉంటుంది. ఎంతసేపు పెట్టమంటారు?"

"కొండమీది శ్మశానం దాకా. వాడి నేస్తాలు భుజాలమీద మోస్తారట. మెల్లగా ఎక్కుతారు."

"సరే, గంటసేపు పెడతా. మరి చివర్లో? టక్కున ఆపెయ్యనా, మెల్లగా తగ్గించనా?"

ఆమె కంప్యూటర్‌కి తగిలించిన పెన్‌డ్రైవ్‌ని వేలితో నిమిరింది.

"అమ్మా?"

"వాడు అన్నం తింటూ తింటూ టక్కున పోయాడు బాబూ. దీన్నైనా మెల్లగా పోనీ."