నీలం అర

ముత్తాత పెట్టిన రంగుటద్దాల కిటికీల కొట్టు అది. తండ్రి పూర్తిచేసిన కిటికీని కూతురు వెలుతురుకు ఎత్తి చూసింది.

"నాన్నా, ఆకాశం ఎర్రగా ఉందేంటి?"

"నీలమే కదమ్మా! తలుపు పక్కన పై అరలోని అద్దమే. మా తాత రోజుల్నుంచీ అది నీలం అరే."

"మొన్న దుమ్ము దులిపి అరలన్నీ మార్చి సర్దాను నాన్నా."

"నాతో ఒక్క మాట చెప్పొద్దూ?"

"చూస్తే తెలుస్తుందిగా!"

ఆయన ఆ అద్దాన్ని వేళ్ళతో తడిమాడు.

"నాన్నా... నీకు రంగులు కనబడట్లేదా?"

"మీ అమ్మ పోయాక మెల్లిగా పోయాయి. ఇప్పుడన్నీ బూడిదే. బయటికి పొక్కితే కొట్టు మూసుకోవాల్సిందే తల్లీ."

"ఈ కిటికీ రేపే బిగించాలి కదా! ఇప్పుడెలా?"

"అందులోని బొమ్మ ముఖమైనా బాగుందా? మీ అమ్మ పోలికే గీశాను."

ఆకుపచ్చగా ఉన్న ఆ ముఖాన్ని ఆమె కళ్ళార్పకుండా చూసింది.

"అచ్చం అమ్మే నాన్నా."