ముందుపళ్ళ సందు

ఇళ్ళల్లో అస్థిపంజరాల బొమ్మలు పెట్టుకునే చనిపోయినవాళ్ళ పండగ దగ్గరపడింది. కపూలా ఊళ్ళో మట్టిబొమ్మలు చేసే ఒక ఇంటి వసారాలో, పెద్ద టోపీ పెట్టుకున్న ఆడమనిషి అస్థిపంజరం బొమ్మకి మొగుడు రంగు వేస్తున్నాడు. పెళ్ళాం వచ్చి ఆ మట్టిబొమ్మ ముందు నిలబడింది.

“ఎవరయ్యా ఈవిడ?”

“పోయాక అందరం ఇలాగే ఉంటాం. ఎముకలగూడుకి పేరేంటే?”

“మరి ముందుపళ్ళ మధ్య ఈ సందేంటి?”

“మట్టి ఎండి బీటిచ్చింది.”

“మట్టి ఎండితే చెయ్యి కూడా నడుం మీదకి పోద్దా? రొట్టెలమ్మే రెమెడియోస్ అచ్చం ఇలాగే నిలబడుద్ది.”

“ఒంటిమీద కండే లేని బొమ్మలో నీకు రెమెడియోస్ ఎలా కనపడిందే?”

“నీకెలా కనపడిందో అలాగే. ఇన్నేళ్ళ కాపురంలో నా బొమ్మ ఒక్కటన్నా చేశావా?”

అతను కుంచె పక్కన పెట్టాడు.

“నిన్ను చూస్తూ ఎముకలు ఊహించుకోలేనే. నాకు మనసు రాదు.”

ఆమె బొమ్మ టోపీ మీద వంగిన మట్టిపువ్వును వేలితో తాకి చూసింది.

“అయితే ఆ రొట్టెలదాన్ని చూసినప్పుడు నీ చూపు ఎముకల దాకా పోయిందన్నమాట.”