ఉత్తరం వైపు ఫ్లెక్సీ

(కొత్త మున్సిపల్ ఆఫీసు ఏడో అంతస్తు మీద, ఊరంతా కనబడే గ్యాలరీ. మధ్యాహ్నం. కూర్మమ్మ, ఆమె పెద్దకోడలు పద్మకుమారి, అక్కడే గార్డుగా చేస్తున్న చిన్నకొడుకు త్రినాథ్.)

"ఛీ ఛీ! ఆ లిఫ్టేట్రా త్రినాథూ, గోడల్నిండా కిల్లీ ఉమ్ములు! ముక్కు మూసుకునే పైకొచ్చీను."

"ఇక్కడ గాలి బాగుంటాదమ్మా. సూడు, ఊరంతా ఎలా కనిపిస్తందో. టిక్కెట్టు ఇరవై. మిమ్మల్ని నాను ఊరికే తీసుకొచ్చీను."

"ఊరు సూడ్డానికొచ్చామేటి త్రినాథ్? నీళ్ల సెక్షనాయన మూడింటికి వస్తాడన్నారని ఆగేం. ఈ సీసా ఆయన బల్ల మీద పెడతాను. మా వీధి కుళాయి నీళ్లండీ, ఒక్క గుక్క తాగండీ అంటాను."

"సీసా సంచీలో ఎట్టీ వదినా. వాసనొస్తంది."

"వాసనొస్తందా? నా కూతురు రేఖ ఇవే తాగింది. పచ్చకామెర్లతో మంచం పట్టి ఇరవై రోజులు. ఇజయనగరం డాక్టరు మొదట అడిగిందేటి? ఏ నీళ్లు తాగుతన్నారమ్మా అనే కదా."

"నీళ్లేటి? రోడ్డు మీద పానీపూరీ కొనిపెట్టింది నువ్వు కాదేటి?"

"ఒక్కసారి అత్తా. ఒక్కసారి పెట్టాను. ఇరవై రోజులుగా అదే మాట."

"ఊరుకోమ్మా. వదినా, నువ్వూ ఊరుకో. ఇటు రండి, ఇటేపు కొండలు బాగుంటాయి. బైనాక్యులర్ ఉన్నాది, కన్నెట్టి సూడమ్మా."

"అటేపేట్రా, రెయిలింగుకి అంత ఫ్లెక్సీ కట్టీసారు?"

"ఎండమ్మా. ఎండ కొడతాదని."

"ఉత్తరం పక్క ఎండేటి త్రినాథ్?"

"అటేపు సూడ్డానికేటీ నేదొదినా. ఉత్తి ట్యాంకు."

"మన వీధికి నీళ్లొచ్చే ట్యాంకేనా?"

"అది... వదినా, ఆ తాడిప్పకు! ఇప్పొద్దంటే! నా ఉద్యోగం పోతాది వదినా!"

"పోనీ. అత్తా, ఇలా రా. ఇందులోంచి సూడు."

"ఏటి? మూత నేదేటి ట్యాంకుకి? పచ్చగా పాచి... మధ్యలో ఆ తేలతందేటి, బొచ్చుబొచ్చుగా?"

"కోతి."

"కోతేటి?"

"చచ్చిపోయి ఉబ్బిపోయింది. కాకులు దాని మీద కూకుని పొడుస్తన్నాయి. ఆ నీళ్లే అత్తా... ఆ నీళ్లే మనకి..."

"ఓలమ్మో! ఛీ! పొద్దున్న ఆ నీళ్లతోనే నోరు పుక్కిలించీను. పద్మా, నన్ను పట్టుకో. డోకొస్తంది."

"కూకో అత్తా. ఇలా గోడకి ఆనుకో."

"ఒలే పద్మా, గేసు దండగ, నీళ్లు కాచొద్దని అన్నది నానేనే. నానే అని, పానీపూరీ అని నీ మీద..."

"ఇప్పుడదొద్దు. త్రినాథ్, ఈ కోతి ఎప్పుడు పడింది?"

"నాలుగు రోజులయింది."

"అంతకుముందు?"

"పావురాలు. మూత గాలివానకి ఎగిరిపోయి ఆర్నెల్లయింది. పైవాళ్లకి సెప్పేను వదినా, ఒట్టు! రెండుసార్లు సెప్పేను. ఫ్లెక్సీ కట్టమన్నారు. కట్టీను."

"ఈ ఫ్లెక్సీ ఇంక కట్టవు. ఇది సీసాతోపాటు కిందికి వస్తాది, ఆయన బల్ల మీదికి."

"నీ అన్నకైనా సెప్పనేదేట్రా?"

"అన్న ఊరుకుంటాడేటమ్మా? నలుగురికీ సెప్తాడు. కాంట్రాక్టు ఉద్యోగం, ఒక్క మాటతో తీసీస్తారు."

"రేఖని సూడ్డానికి రోజూ వచ్చేవు త్రినాథ్. మంచం పక్కన కూకుని బత్తాయిలు వొలిచి పెట్టేవు. డాక్టరు అడిగేదాకా నేను దానికి కుళాయి నీళ్లే పడతంటే, సూస్తా కూకున్నావు."

"వదినా..."

"మీ ఇల్లు మా వెనక వీధే. నీ పిల్లలకేటీ కానేదు. ఇటు సూడు. మీ ఇంట్లో ఏ నీళ్లు తాగుతన్నారు?"

"ఏదో... అవే..."

"ఒరే, వదినడుగుతంది. సరిగ్గా సెప్పరా!"

"డబ్బా నీళ్లమ్మా. ఆర్నెల్లనుంచి."