ముప్పై ఏడో నంబరుకు జలుబు

ఓబులేసు ఉన్నాడే, కరువు పనికి మేటు, అంటే కూలోళ్ల హాజరు రాసేటోడు, వాడు అయిదో తరగతే చదివినాడు గానీ రూలు విషయంలో కలెక్టరనుకో. మనిషి కంటికి కనబడకపోతే మస్టర్లో హాజరు లేదు, అదీ వాడి మాట. సొంత మరదలు సుంకులమ్మ చంటిదానికి పాలిచ్చి వచ్చేలోపల గైరుహాజరు వేసినాడంట. ఏంది బావా, పాలిచ్చేది కూడా తప్పేనా అని ఆయమ్మ అడిగితే, పాలిచ్చేది తప్పు కాదమ్మే, లేని మనిషిని ఉందని రాసేది తప్పు అన్నాడంట. కరోనా వచ్చినాక ఇంకో రూలు పెట్టినాడు, జలుబున్నోళ్లు పద్నాలుగు రోజులు పనిలోకి రాకూడదని. వింటాండారా? ఈ రెండు రూల్లూ గుర్తు పెట్టుకోండి, రెండూ వాడి నెత్తికే వస్తాయి.

వాడి కూతురు హేమలత పట్నంలో డిగ్రీ చదువుతాంటే, కాలేజీ మూసేసి పాఠాలు ఫోన్లో పెట్టినారు. ఊర్లో సిగ్నల్ యాడిది? పని జరిగే వంకగట్టు మీద తప్ప ఇంకెక్కడా లేదు. ఆ పిల్ల రోజూ అమ్మానాయన వెంట వచ్చి, నలభై మంది గంపలు మోస్తాంటే, గట్టు మీద తలకు తువ్వాలు కప్పుకుని పాఠం వినేది. ఏమైందంటే, ఒకరోజు ఎండకు పిల్లకు కళ్లు తిరిగినాయి. వాళ్లమ్మ కిందికి, తుమ్మచెట్టు నీడకు తీసుకపోయింది. ఫోను నాయన చేతిలో ఉండిపోయింది. గట్టు దిగితే సిగ్నల్ పోతాది. ఆ ఒక్క హాజరు పడితేనే డెబ్బై అయిదు శాతం నిండి హాల్ టికెట్ వచ్చేది, పడకపోతే ఏడాది చదువు మట్టిలో కలిసినట్టే అనుకో. సారు నంబర్లు పిలుస్తా ఉన్నాడు. ముప్పై అయిదు, ముప్పై ఆరు. హేమలతది ముప్పై ఏడు. ముప్పై ఏడు అన్నాడు సారు. మనోడు మీసం మీదికి తువ్వాలు లాక్కుని, ఆడపిల్ల మాదిరి సన్నంగా, ప్రజెంట్ సార్ అన్నాడంట. గట్టు మీద గంపలన్నీ ఆగిపోయినాయి. ఏం హేమలతా, గొంతు అట్లుందేమి అని సారు అడిగె. జలుబు సార్ అనె వీడు. జాగ్రత్తమ్మా అని సారు ముప్పై ఎనిమిదిని పిలిచినాడు.

సుంకులమ్మ గంప దించి నిదానంగా వచ్చింది. ఏం బావా, జలుబా నీకు అనింది. లేదమ్మే అన్నాడు వీడు. అయితే లేని మనిషిని ఉందని చెప్పినావు అనింది ఆయమ్మ. లేదులే, రవ్వంత జలుబే అన్నాడు. అయితే పద్నాలుగు రోజులు ఇంటికాడ ఉండు, నీ రూలే కదా, ఏదో ఒకటి ఒప్పుకో బావా, పొద్దు పోతాంది అనింది. ఓబులేసు కిందికి చూసినాడు. నీడలో పిల్ల మొహాన వాళ్లమ్మ నీళ్లు చల్లుతాంది. జలుబే అన్నాడంట. అంటానే ఒక తుమ్ము తుమ్మినాడు, అదీ దొంగదే.

ఆ పద్నాలుగు రోజులూ మస్టరు సుంకులమ్మే రాసింది. వాడికంటే రెండు తరగతులు ఎక్కువే చదివింది లెండి. రోజూ పొద్దున వాడి ఇంటి ముందర నిలబడి, ఓబులేసూ అని పిలిచేది. తలుపు వెనకనుంచి ఉండానమ్మే అని వీడు అరిస్తే, కంటికి కనబడ్లేదు బావా అని గైరుహాజరు వేసి పోయేదంట. హాల్ టికెట్ వచ్చింది, పిల్ల పాసైంది.

ఆ ఓబులేసు ఏమైనాడని అడుగుతారేమో. ఏం కాలేదు, మీ ముందర కూసుని కథ చెప్తాండాడు. అబద్ధం తప్పే, ఇప్పటికీ అదే చెప్తా. కాకపోతే తుమ్ము వచ్చినప్పుడు, మరదలు ఉందేమో అని అటూ ఇటూ చూసుకుని తుమ్ముతా.