సదయ్య విన్న బండి చప్పుడు

"ముందే చెప్తున్న, నేనేం గొప్ప పని చెయ్యలే," అన్నాడు సదయ్య. అలా అన్నాడంటే ఇక చాయ్ చల్లారినా లేవడని గోదావరిఖనిలో అందరికీ తెలుసు. అది పందొమ్మిది వందల డెబ్బై నాలుగో సంవత్సరం. మొదటి షిఫ్టు దిగినవాళ్లు లింగవ్వ హోటల్ ముందు బెంచీల మీద చేరారు. సదయ్య వీపు వెనక, రోడ్డు పక్కన, యిర్మియా కొన్న పాత మోటర్‌సైకిల్ డుగుడుగుమంటోంది. ఏదో వింత చప్పుడు చేస్తోంది, నువ్వే విని చెప్పాలి కాకా అని యిర్మియానే తెచ్చి నిలబెట్టాడు.

నిజానికి యిర్మియాకు బండి ఫికర్ లేదు. సదయ్య గనిలో సర్దార్. షిఫ్టులో అందరికంటే ముందు లోపలికి పోయి, గని కప్పును కర్రతో కొట్టి చూసేది ఆయనే. గట్టిగా మోగితే మంచిది, డొల్లగా మోగితే కూలుతుంది. ఆయన మంచిగుందంటేనే యిర్మియాతో పాటు పన్నెండు మంది దాని కింద చేరి బొగ్గు నింపుతారు. రెండు నెలల కింద చెవి పక్కనే బొగ్గు పగలగొట్టే మందు పేలినప్పటి నుంచి ఆయన ఒకటడిగితే ఒకటి చెప్తున్నాడు. నిన్న కప్పు కొట్టినప్పుడు యిర్మియాకు డొల్లగా వినబడింది. సదయ్య మంచిగుందన్నాడు. పని నేర్పిన పెద్దమనిషిని కాదనలేక, యిర్మియా షిఫ్టంతా ప్రార్థన చేసుకుంటూ గడిపాడు.

"కమాన్‌పూర్‌ల ఒకాయన బండి చప్పుడు ఇని, చైన్ వదులైందన్న. వదులే అయ్యింది. గంతే. అదేమన్న పెద్ద ముచ్చటనా?" అన్నాడు సదయ్య.

"కాదు," అన్నాడు పక్కనున్న నర్సింగం.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? గిదే బెంచి మీద చాయ్ తాగుతున్న, పెద్దపల్లి దిక్కు నుంచి ఇంకో బండి వస్తున్నది, ఇంకా నాలుగు మైళ్ల అవతలున్నది, ఇంటే ఎనుక చక్రం బేరింగు ఏడుస్తున్నది, లేచిపోయి రోడ్డు మీద చెయ్యెత్తి ఆపిన, ఆయన బాంచెన్ అని కాళ్లు మొక్కిండు, కావాల్నంటే లింగవ్వను అడుగుండ్రి."

"నాకేం యాదికి లేదు," అంది లింగవ్వ గ్లాసులు కడుగుతూ.

సదయ్య ఆమె పెదవులు కదలడం చూశాడు. "ఇన్నరా, చూసిన అంటున్నది," అన్నాడు.

అందరూ పగలబడి నవ్వారు. యిర్మియా మాత్రం నవ్వలేకపోయాడు.

"అది ఇడిసిపెట్టుండ్రి. ఆరు వందల అడుగుల కింద ఉన్న. పైన మేనేజర్ దొర బండి పోతున్నది. నడుమ అంత రాయి, అంత బొగ్గు, అయినా నాకు తెలిసింది, ప్లగ్గుకు మసి పట్టిందని. పైకి కబురు చేసిన. ఇప్పి చూస్తే మసే మసి. నీ చెవులు నాకియ్యి సదయ్యా, బీరువల పెట్టుకుంట అన్నడు దొర."

యిర్మియా మెల్లగా లేచి వెనక్కి పోయి తాళంచెవి తిప్పాడు. బండి ఆగిపోయింది. నర్సింగం ఏదో అనబోతే వద్దని చెయ్యి చూపి, మళ్లీ సదయ్య ఎదుటికి వచ్చాడు.

"మరి ఈ బండి సంగతేంది కాకా?" అని పెదవులు బాగా కదిలిస్తూ అడిగాడు.

సదయ్య కళ్లు మూసుకొని తల పక్కకు వంచాడు. "టకటకమంటున్నది గద, అది వాల్వు. అడుగున బుసబుస, అది సైలెన్సరుకు తూటు. రెంటి నడుమ సన్నగ మూలుగున్నది చూడు, అది బండిది కాదు, దీన్ని అమ్ముకున్నోనిది. మనసొప్పక అమ్మిండు, ఆ దుఃఖం ఇంజన్ల కూసున్నది. అగో, ఇప్పుడు ఇంక జోరైంది."

పొయ్యి మీద చాయ్ మరుగుతున్న సద్దు తప్ప అక్కడ ఏ చప్పుడూ లేదు. ఈసారి ఎవరూ నవ్వలేదు. సదయ్య కళ్లు తెరిచి అందరి ముఖాలూ చూశాడు.

యిర్మియా ఆయన చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా చెప్పాడు. "బండి ఎప్పుడో బంద్ చేసిన కాకా. దానికి ఏ రోగం లేదు. నీ చెవులెట్లున్నయో చూద్దామనే తెచ్చిన."

సదయ్య లేచి వెళ్లి బండి ట్యాంకు మీద అరచెయ్యి ఆనించాడు. అది అదరడం లేదు. ఆయన తిడితే బాగుండునని యిర్మియాకు అనిపించింది.

"అబద్ధం ఆడలే బిడ్డ. నాకు నిజంగనే వినబడ్డది."

యిర్మియాకు దుఃఖం పొంగింది. చెవులు పోయిన సంగతి ఆయన దాస్తున్నాడనుకున్నాడు గాని, ఆయనకే తెలియదని అనుకోలేదు.

"మరి కప్పు?" అన్నాడు సదయ్య. "ఇన్నొద్దులు మంచిగుంది మంచిగుంది అంటి గద. అది గూడ గిట్లనే విన్ననా?"

లింగవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రోడ్డు మీద రెండో షిఫ్టు వాళ్లు సద్దిగిన్నెలతో గని వైపు పోతున్నారు. సదయ్య వాళ్లనే చూశాడు.

"జల్ది తియ్యి బండి. నేను మంచిగుందన్న జాగలన్ని మళ్ల కొట్టి చూడమని ఆఫీసుల చెప్పాలె. అందాక ఎవ్వరు కిందికి పోవద్దు."

"నౌకరి పోతది సదయ్యా, జర ఆలోచించు," అన్నాడు నర్సింగం.

ఆ మాట సదయ్యకు వినబడలేదు. అప్పటికే బండెక్కి యిర్మియా భుజం పట్టుకున్నాడు.